బూడిద నిలవని ఆకులు

దెయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు, వీటిలో ఒక్కదాన్నీ నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఇది చదివాక మా బంధువుల్లో కొందరు "చూసినవా, చివరికి నీకూ తెలిసొచ్చింది" అంటారు. వాళ్లెవరో నాకు ఇప్పుడే తెలుసు.

సూర్యాపేటలో మేము పదకొండేళ్లు కిరాయికి ఉన్న ఇంట్లో అంతకుముందు ఒక ముసలాయన చనిపోయాడని, ఆయన దగ్గు ఇంకా వినిపిస్తుందని వాడకట్టంతా చెప్పుకునేవారు. నాకు ఆ పదకొండేళ్లలో వినిపించింది బాత్రూంలో కుళాయి కారే చప్పుడు ఒక్కటే. ఇంటి ఓనర్‌కు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బాగు చేయించలేదు. ఆయన కూడా ఇప్పుడు లేడు. ఆ కుళాయి సంగతి మాత్రం నేను మర్చిపోలేదు.

నేను ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. కాగితం మీద లేనిదేదీ జరిగినట్టు కాదని నేర్పిన ఉద్యోగం అది. అందుకే ఈ విషయం మొదలైనప్పుడు కూడా భయపడే ముందు ఒక నోట్‌బుక్ తీశాను. ఇక్కడ రాస్తున్నవన్నీ అందులోవే.

ముందు చెట్టు గురించి చెప్పాలి. చెట్టంటే మనీ ప్లాంట్. అందరి ఇళ్లలో ఉండేదే. కానీ మా ఇంట్లోకి అది వచ్చిన తీరు వేరు.

తొమ్మిదేళ్ల కింద కోదాడలో మా అన్న సత్తయ్య ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. మెట్ల పక్కన మా వదిన విజయమ్మ ఇల్లు కడుతున్నప్పుడే నాటి పెంచిన మనీ ప్లాంట్ పై అంతస్తు దాకా పాకి ఉంది. నా భార్య సుగుణ దాన్ని చూసి నా చెవిలో, ఒక ముక్క తెద్దామని అంది.

మా వైపు పద్ధతి ఏమిటంటే, మనీ ప్లాంట్‌ను కొనకూడదు, అడిగి తీసుకోకూడదు. ఎవరింటి నుంచైనా చెప్పకుండా తెచ్చుకుంటేనే ఇంటికి కలిసొస్తుంది. ఇందులో ఇంకో సగం ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. తీసుకెళ్తుండగా ఇంటివాళ్లు చూస్తే, చూసీ చూడనట్టు ఊరుకోవాలి. అది వాళ్ల వంతు. నేను ఇలాంటివి నమ్మను గానీ, పద్ధతి అంటూ ఉన్నాక రెండు వైపులా పాటించాలి కదా.

నేను మూడు కణుపుల ముక్క తుంచి, తడి చేతిరుమాల్లో చుట్టి, ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. భోజనాల దగ్గర కూర్చున్నాం. వదిన స్వయంగా పప్పు వడ్డిస్తూ నా దగ్గర ఆగింది.

"ఏందయ్యా లింగం, జేబులో పాముపిల్లని పెట్టుకున్నావా? తోక బయటికొచ్చింది."

తీగ కొస నిజంగానే జేబులోంచి వేలాడుతోంది. వరసలో ముప్పై మంది ఉన్నారు. ముప్పై మందీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా చిన్నమామ, ఆయన్ను కూడా నేను గుర్తుపెట్టుకున్నాను. పెరుగు వేయించుకోకుండా లేచి చేయి కడుక్కున్నాను. చాలా ఏళ్లపాటు అదే ఆ ఇంట్లో నా చివరి భోజనం. అన్న ఫోన్ చేసి మాట్లాడేవాడు, నేను మాట్లాడేవాణ్ని. కానీ ఆ ఇంటి మాట నా దగ్గర ఎత్తొద్దని అతనికి ఖచ్చితంగా చెప్పాను. తీగను మాత్రం తిరిగి ఇవ్వలేదు.

గాజు సీసాలో నీళ్లు పోసి వేస్తే పదో రోజుకు తెల్లటి వేళ్లు వచ్చాయి. తర్వాత కుండీలోకి మార్చాను. ఆ తీగ నన్ను ఒక్కరోజు కూడా అవమానించలేదు. బహుశా అందుకే దాన్ని అంత బాగా చూసుకున్నాను.

మూడేళ్ల కింద నేను రిటైరయ్యాక మిర్యాలగూడకు వచ్చాం. సుగుణ మాడుగులపల్లిలో స్కూల్ టీచర్, ఇక్కడి నుంచి బస్సుకు దగ్గర. మొదటి అంతస్తులో కిరాయికి దిగాం. సామానంతా డీసీఎం వ్యానులో వచ్చింది, కుండీ మాత్రం కారులో నా ఒళ్లో వచ్చింది.

ఇక్కడ మొదట్లో ఒక తప్పు చేశాను. రైస్ మిల్లుల ఊక బూడిద ఊరికే దొరుకుతుంది, మట్టిలో కలిపితే మంచిదని ఒకాయన చెబితే సగానికి సగం కలిపాను. నీళ్లు పోయగానే అది సిమెంటులా బిగుసుకుపోయింది. నెలలో ఐదు ఆకులు పసుపుబారి వాడిపోయాయి. ఆ సలహా ఇచ్చినాయన ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తాడు, నేను పలకరించను. తర్వాత మట్టి మార్చి ఎర్రమన్ను, మాగిన పశువుల ఎరువు, కొంచెం పచ్చి ఊక వేశాను. నడుమ ప్లాస్టిక్ పైపు నిలబెట్టి కొబ్బరి పీచు తాడు చుట్టి, తాడును తడిగా ఉంచాను. మనీ ప్లాంట్ కిందికి వేలాడితే ఆకు చిన్నదవుతుంది, పైకి పాకితే పెద్దదవుతుంది. ఏడాదిలో పై ఆకులు చిన్న విస్తరాకంత అయ్యాయి. తూర్పు కిటికీ పక్కన పెట్టాను, పొద్దుటి వెలుగు తగులుతుంది, మధ్యాహ్నం ఎండ తగలదు. మట్టిలో వేలు పెట్టి చూసి, రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే నీళ్లు పోస్తాను. పొద్దున చాయ్ తాగుతూ కొత్త ఆకు చుట్ట విప్పుకోవడం చూస్తుంటే నాకు ఇంకెవరి మీదా కోపం ఉండదు. కాసేపే అయినా ఉండదు.

బాధల్లా బూడిదే. మా ఇంటి వెనక మిల్లు పొగగొట్టం నుంచి సన్నటి నల్లటి నుసి పడుతుంది. వరి కోతలయ్యాక మరీ ఎక్కువ. కిటికీ తెరిస్తే గంటలో బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు. నేను అర్జీలు పెట్టాను. ఒక దానికీ జవాబు రాలేదు. అయినా కిటికీ మూయలేదు. మూస్తే బూడిద పడటం లేదంటారు. ఆదివారం ఆదివారం ఆకులన్నీ తడిగుడ్డతో నేనే తుడిచేవాణ్ని.

కిందటి వానాకాలం పంట మిల్లులకు వస్తున్న రోజులవి. ఒక మంగళవారం లైబ్రరీలో పేపర్లు చదివి పన్నెండు గంటలకు ఇంటికొచ్చాను. నేను పదిన్నరకు వెళ్తాను, సుగుణ ఎనిమిదికే స్కూలుకు వెళ్తుంది. తాళం తీసి లోపలికి వస్తే బల్ల మీద బూడిద, గచ్చు మీద బూడిద, కుండీ అంచు మీద బూడిద. చెట్టుకున్న పంతొమ్మిది ఆకులు మాత్రం మెరుస్తున్నాయి.

సుగుణను అడిగితే, "నేను బస్సుకు ఉరుకుతుంటే ఆకులెక్కడ తుడుస్తానండీ" అంది. బుధవారం మళ్లీ అలాగే అయింది. గురువారం కూడా.

కింద ఉండే ఓనరమ్మ దగ్గర ఇంకో తాళంచెవి ఉందని నాకు అనుమానం. వెళ్లి అడిగాను. ఆమె బియ్యం చెరుగుతూ చేట దించకుండానే జవాబిచ్చింది.

"మా ఆకులే మేం తుడుసుకోం సార్. పైకెక్కొచ్చి మీయి తుడుస్తమా? తుడిసేటోళ్లు దొరికితే జర మా ఇంట్లకు గూడ పంపుండ్రి."

తాళం మార్చాను. తలుపుకు అడ్డంగా దారం కట్టాను, తెగలేదు. కుండీ చుట్టూ ముగ్గుపిండి చల్లాను, అందులో అడుగు పడలేదు. ఆకులు మాత్రం తుడిచి ఉన్నాయి. పాత ఫోన్ పెట్టి వీడియో తీశాను. ఫోన్ పెట్టిన మూడు రోజులూ ఆకులు ఎవరూ తుడవలేదు. ఇది నా సాక్ష్యంలో లోపమని నాకు తెలుసు, అయినా దాచడం లేదు.

ఇంకొకటి గమనించాను. ప్రతి ఆకుకూ ఎడమ అంచున ఒకే చోట బొటనవేలంత మేర బూడిద మిగిలి ఉంటోంది. మిగతా ఆకంతా శుభ్రం. ఎవరైనా ఎడమ చేత్తో ఆకును కింద నుంచి పట్టుకుని, పైన బొటనవేలు ఆనించి, కుడి చేత్తో తుడిస్తే అలాగే మిగులుతుంది. నేను ఆకును కింద అరచేయి పెట్టి తుడుస్తాను, బొటనవేలు ఆనించను.

రోజూ ఎన్ని ఆకులు తుడిచి ఉన్నాయో రాసుకున్నాను. మొదటి వారం పంతొమ్మిదికి పంతొమ్మిది. తర్వాత పద్నాలుగు. ఆ తర్వాత పదకొండు, తొమ్మిది. కింద ఆకుల నుంచి మొదలై పైకి పోకముందే ఆగిపోతోంది, చేయి అలిసినట్టు.

భయమేసిందా అని అడుగుతారు. నిజం చెప్పాలంటే వేయలేదు. ఈ ఊళ్లో బూడిద గురించి నేను ఇంతమందికి మొరపెట్టుకుంటే, ఏదో ఒకటి చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే కనబడకుండా ఆకులు తుడిచే ఈ ఎవరో మాత్రమే. ఇంటికొచ్చేటప్పుడు మెట్ల మీద నాకు తెలియకుండానే తొందరపడేవాణ్ని.

ఒక శనివారం లైబ్రరీకి వెళ్లకుండా కుర్చీ వేసుకుని చెట్టు ముందే కూర్చున్నాను. సుగుణకు ఆ రోజు సెలవు, కిందికి కూరగాయలకు వెళ్లింది. పదకొండు దాటింది. ఏమీ కాలేదు. వంటింట్లో పాలు పొంగుతున్న వాసనొచ్చి వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చాను. అంతసేపే. మూడు ఆకులు తడిగా ఉన్నాయి. ఒక ఆకు కొస నుంచి చుక్క జారి గచ్చు మీద పడటం నేను చూశాను. దగ్గరికి వెళ్తే పుల్లటి వాసన.

అప్పుడే పైకొచ్చిన సుగుణను పిలిచాను. ఆమె వంగి వాసన చూసింది. 

"మజ్జిగండీ ఇది," అంది. "విజయక్క గిట్లనే తుడిసేది. పలుచటి మజ్జిగల పాత చీర పేలిక ముంచి. మెరుస్తయని."

ఆ పేరు మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఎవరూ అనలేదు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. వెనకాల సుగుణ కోదాడకు ఫోన్ చేయడం వినిపించింది. ముందు నవ్వుతూ మాట్లాడింది, తర్వాత గొంతు తగ్గింది.

వదినకు పక్షవాతం వచ్చి రెండు నెలలైందట. సూర్యాపేటలో ఒక దవాఖానలో ఇరవై రోజులుంచి ఇంటికి తెచ్చారట. కుడి చేయి సరిగా లేవడం లేదు, మాట రావడం లేదు.

"అన్న నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరే గదా చెప్పొద్దన్నది," అంది సుగుణ. "బావ మీ మాట తప్పలే."

మాట తప్పకపోవడం కూడా ఒక రకమైన పగేనని నాకు ఆ రోజు తెలిసింది. ఆదివారం సుగుణ ఒక్కతే కోదాడ వెళ్లింది. నేను వెళ్లలేదు. పిలవని ఇంటికి ఎలా వెళ్తాను? సాయంత్రం తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుని చెప్పింది.

కుడి చేయి కదిలించకపోతే అలాగే బిగుసుకుపోతుందని డాక్టర్ చెప్పాడట. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే వదిన దాన్ని మంచం కిందికి విసిరేస్తోందట. ఎవరు బతిమాలినా వినడం లేదు. రోజులో ఒక్కసారి, పదకొండు గంటల వేళకు మాత్రం, ఎడమ చేయి గాల్లో ఏదో పట్టుకున్నట్టు పెట్టి, కుడి చేత్తో దాని మీద తుడుస్తుందట. మొదట్లో చాలాసేపు చేసేది. ఇప్పుడు రెండు మూడు సార్లకే చేయి పడిపోతోంది. జబ్బు వల్ల వచ్చిన అలవాటని వాళ్లు పట్టించుకోలేదు.

"వాళ్ల మనీ ప్లాంట్ లేదు," అంది సుగుణ. "ఇంటికి రంగులేసినప్పుడు సున్నం పడి ఎండిపోయిందట. రెండేండ్లాయె. ఎవరు ముక్క తెస్తమన్నా అక్క వద్దన్నదట. మా తీగే కావాలె, అది లింగం దగ్గరున్నది, నేను మాత్రం అడగ, అన్నదట."

నేను నోట్‌బుక్ తెరిచాను. ముందు రోజు ఎదురుగా అంకె మూడు. ఆ ఆదివారం నేను తుడవలేదు, పొద్దుటి నుంచి ఇంట్లోనే ఉన్నాను. లేచి చూస్తే అన్నిటికంటే కిందున్న ఒక్క ఆకు మాత్రం సగం శుభ్రంగా ఉంది.

కోదాడ వెళ్లాలని అప్పుడే అనుకున్నాను. ఆమె నన్ను పిలవలేదు, క్షమాపణ చెప్పలేదు, చెబుతుందన్న సూచన కూడా లేదు. ఇవన్నీ తెలిసే అనుకున్నాను.

కిందటేడు కత్తిరించిన తీగతో ఇంకో చిన్న కుండీ చేసి ఉంచాను. దానికి ఆరు ఆకులున్నాయి. సుగుణకు ఒక సందేహం వచ్చింది. మనీ ప్లాంట్‌ను చేతులారా ఇవ్వకూడదు కదా, ఇస్తే మన ఇంటి మంచి పోతుందంటారు కదా అని. మనం ఇవ్వడం లేదు, వాళ్లదే తిరిగి తీసుకెళ్తున్నాం అన్నాను. చెప్పకుండా తెచ్చింది వాపసు ఇస్తే ఏమవుతుందో మా పద్ధతిలో ఎక్కడా లేదు. ఇంతకుముందు ఎవరూ ఇచ్చి ఉండరు.

హుజూర్‌నగర్ మీదుగా వెళ్లే బస్సులో కుండీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పాలకీడు నుంచి వస్తున్నానని చెప్పిన ఒక పెద్దమ్మ పక్క సీట్లోంచి అంతా గమనించి, "ఏం సారూ, కొత్త పెండ్లాం లెక్క పట్టుకున్నవ్, గట్ల మీది పెండ్లాన్ని పట్టుకున్నవా ఎప్పుడన్న?" అంది. సుగుణ కిటికీ వైపు తిరిగి నవ్వింది. ఆ రోజు నాకు కోపం రాలేదు.

అన్న తలుపు తీసి నన్ను, కుండీని, మళ్లీ నన్ను చూశాడు.

"వచ్చినవా తమ్మీ," అన్నాడు. "చెప్పులు నీడకు విడువు, కాలుతయ్."

పక్కకు జరిగి దారిచ్చాడు. ఏదైనా అంటాడని బస్సంతా జవాబులు తయారు చేసుకున్నాను, అన్నీ వృథా అయ్యాయి.

వదిన ముందుగదిలో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది. నా ముఖం చూడలేదు, కుండీని చూసింది. మంచం పక్కన స్టూలు జరిపి దాని మీద పెట్టాను. అప్పటికి పదకొండు కావస్తోంది. బస్సు దుమ్ముతో ఆకులు మాసిపోయి ఉన్నాయి. అన్న గిన్నెలో మజ్జిగ, పేలిక తెచ్చి పెట్టాడు.

ఆమె ఎడమ చేయి ఒక ఆకు కిందికి వెళ్లింది. బొటనవేలు ఎడమ అంచున ఆనింది. కుడి చేయి వణుకుతూ లేచి, పేలిక పట్టుకుని, కాడ నుంచి కొస దాకా తుడిచింది. ఒకటి. రెండు. ఆరు ఆకులూ పూర్తి చేసేసరికి నుదుటి మీద చెమట పట్టింది. అన్న పక్కకు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆరు ఆకుల మీదా ఎడమ అంచున బొటనవేలంత మేర దుమ్ము మిగిలి ఉంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. మా ఇంట్లో నెలన్నరగా నేను చూస్తున్న గుర్తే అది.

ఆ రోజు నుంచి మిర్యాలగూడలో ఒక్క ఆకూ దానంతటది శుభ్రం కాలేదు. ఐదు నెలలైంది. బూడిద ఇప్పుడు అన్నిటి మీదా ఒకేలా పడుతోంది. నేనే తుడుస్తున్నాను, కొంచెం వెలితిగానే ఉంటుంది.

వదిన కుడి చేయి రోజురోజుకూ బాగుపడింది. ఇప్పుడు గ్లాసు ఎత్తుతుంది, తల దువ్వుకుంటుంది. ఆ తీగ వాళ్ల మెట్ల దగ్గర రెండు గజాలు పాకింది. మేము నెలకు రెండుసార్లు వెళ్తున్నాం, అక్కడే భోజనం చేస్తున్నాం. గృహప్రవేశం నాటి మాట గురించి ఆమె ఇప్పటిదాకా ఏమీ అనలేదు. మాట వచ్చాక అంటుందని ఎదురుచూశాను.

కిందటి నెల మాట వచ్చింది. మేము చాయ్ తాగుతున్నాం. ఆమె నా వైపు తిరిగి, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ మాట్లాడటం మొదలుపెట్టింది. గ్లాసు కింద పెట్టి సరిగా కూర్చున్నాను. తొమ్మిదేళ్లు ఆగినవాణ్ని, ఒక నిమిషం ఆగలేనా?

"ఆ కిటికీ... మూసుకోవేందయ్యా లింగం," అంది. "ఎంత బూడిద. రోజూ... తుడవలేక సచ్చాను."

అన్న నవ్వి, జబ్బుతో ఏదేదో కలిపి మాట్లాడుతుందిలే అన్నాడు. వదిన మిర్యాలగూడలో మా ఇంటికి ఎన్నడూ రాలేదు. బూడిద గురించి ఆమెతో అన్నావా అని సుగుణను ఆ రోజే అడిగాను, తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాను, లేదంది. అన్నకు ఆ మిల్లు సంగతే తెలియదు. వదినను అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఆమె అప్పటికే చాయ్‌లో చక్కెర తక్కువైందని సుగుణతో అంటోంది.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు ఎవరైనా చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను, ఒప్పుకుంటానని మాత్రం చెప్పలేను. ఒకరు చెప్పింది చేయడం నాకు జన్మలో అలవాటు లేదు. అయినా ఆ మర్నాటి నుంచి పదకొండు కాకముందే లేచి తూర్పు కిటికీ మూస్తున్నాను.